గట్టు మీద జలపాతం

పావురం పోయాడన్న కబురు జలగకి లిఫ్టులో ఉండగానే అందింది.

బయటినుంచి చూస్తే అది మామూలు లిఫ్టే. పాత భవనం, గుమ్మం మీద "లిఫ్టుల అమ్మకం, మరమ్మతు" అని వెలిసిపోయిన బోర్డు. కానీ లోపల గంట బొత్తాన్నీ తలుపు బొత్తాన్నీ ఒకేసారి నొక్కితే ఆ లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్ దాటి ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ దేశపు రహస్య విభాగం పనిచేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ కంపెనీ ఒక్క లిఫ్టు అమ్మలేదు, ఒక్క లిఫ్టు బాగుచేయలేదు. ఎవరైనా ఫోన్ చేస్తే, "మీ కంప్లైంట్ రాసుకున్నామండీ, మావాళ్ళు వస్తారు" అని ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేస్తారు. ఎవరూ రారు. అందువల్ల అది నిజమైన లిఫ్టు కంపెనీ కాదేమోనన్న అనుమానం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

జలగ అన్నది కోడ్ నేమ్, పోయిన తోటి ఏజెంటు పావురానిదీ అంతే. ఒకసారి ఎవరినైనా పట్టుకున్నాడంటే వదలడని పెట్టారు. నడివయసు, కాస్త బొజ్జ, ఎవరూ రెండోసారి చూడని ముఖం. ఈ వృత్తికి అంతకన్నా ఏం కావాలి? అనుమానం అతనికి ఊపిరి లాంటిది. కాఫీ తెచ్చినవాడు నవ్వితే ఎందుకు నవ్వాడని అనుమానం, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అనుమానం.

పెద్దసారు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన మాత్రం కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"యాక్సిడెంటా సర్?"

"పొద్దున వాకింగ్‌కి వెళ్ళి రోడ్డు దాటుతున్నాడు. లారీ గుద్దింది. నంబర్ ప్లేట్ లేదు."

"నంబర్ ప్లేట్ లేని లారీ యాక్సిడెంట్ చేయదు సర్. హత్య చేస్తుంది."

"అందుకే నిన్ను పిలిచాను. కూర్చో."

గోడ మీద తెర వెలిగింది. సరిహద్దు కొండల మ్యాపు కనబడింది.

"ఈ కొండల్లో మనం కొత్త రాడార్లు పెట్టాం. అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏం చూడగలవు, ఏం చూడలేవు, మొత్తం డేటా ఒక చిప్పులో బయటికి పోయింది. గోరంత చిప్పు. ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ పెట్టాం, రోడ్లు జల్లెడ పడుతున్నాం. కాబట్టి ఇంకా దేశం దాటలేదు. దాన్ని పట్టుకుపోవడానికి అవతలివాళ్ళు డ్రోన్ పంపుతున్నారు. ఎక్కడికి, ఎప్పుడు అన్నది పావురం కనిపెట్టాడు."

"ఎలా?"

"జలపాతాల వల్ల," అన్నాడు పెద్దసారు, తనకే కాస్త ఎబ్బెట్టుగా ఉన్నట్టు.

విషయం ఏమిటంటే, కొంతమందికి అదొక పిచ్చి. సెలవు వచ్చిందంటే చాలు, ఆన్‌లైన్ మ్యాపుల ముందు కూర్చుంటారు. కొండల్లో వాగుల వెంటబడి వెతుకుతారు. ఎవరూ చూడని జలపాతం ఏదో ఉందనిపిస్తే నడిచి వెళ్ళి, చూసి, తమ క్లబ్బు మ్యాపులో పిన్ను గుచ్చుతారు. ఆ మ్యాపుని ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు, సరిహద్దు అవతల కూర్చున్నవాడు కూడా. ఫోన్ లేదు, మెసేజ్ లేదు, మధ్యలో చెవి పెట్టి వినడానికి ఏమీ లేదు. ఒక పిన్ను చాలు.

"ఇదిగో ఈ పిన్ను," పెద్దసారు పెన్నుతో చూపించాడు. "పేరు తెల్లముసుగు జలపాతం. కింద రాసింది చూడు. ఆదివారం మధ్యాహ్నం వెళితే బాగుంటుందట. మన సర్వేవాళ్ళని అడిగాను. అక్కడ జలపాతం లేదు. వాగు కూడా లేదు. అదొక కొండగట్టు, రెండు పక్కలా జారుడు. గట్టు మీద జలపాతం ఏంటయ్యా?"

"మరి అక్కడే ఎందుకు గుచ్చినట్టు?"

"నీళ్ళు లేని చోటికి జలపాతాలవాళ్ళెవరూ పోరు కాబట్టి."

ఆ జవాబు జలగకి సగమే నచ్చింది. మిగతా సగాన్ని మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

"గుచ్చింది ఎవరు?"

తెర మీద ఫొటో మారింది. బట్టతల, గుండ్రటి కళ్ళజోడు, కడుపు నిండిన నవ్వు. కళ్ళజోళ్ళ షాపు ఓనరు, జలపాతాల క్లబ్బుకి పెద్ద. ఆ ఫొటో కింద వివరాలు చదవాల్సిన అవసరం జలగకి లేకపోయింది. ఆ నవ్వు పక్కన కూర్చుని అతను ఎన్నో పూటలు భోజనం చేశాడు. ఆయన అతని సొంత అక్క మొగుడు.

అయినా జలగ ముఖం మామూలుగానే పెట్టాడు. అది వృత్తి నేర్పిన విద్య.

"ఇంకొకరిని పంపండి సర్."

"పంపగలను. ఇంకొకడైతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాక ఆలోచించడు. నువ్వు ఒక్క క్షణం ఆలోచిస్తావు. మీ బావ నిర్దోషి అయితే ఆ క్షణం ఆయనకి పనికొస్తుంది." పెద్దసారు గొంతు తగ్గించాడు. "కానీ చిప్పు డ్రోన్‌కి అందేలా ఉంటే మాత్రం ఆలోచించకు. ఆర్డర్ అర్థమైందా?"

"అర్థమైంది. మారువేషం?"

"నీ సొంత వేషమే. బావమరిదివి. అంతకన్నా ఎవరూ అనుమానించని వేషం ఏముంది?"

ఇంకో విషయం కూడా చెప్పాడు. క్లబ్బులో మన మనిషి ఒకామె ఉంది, ఫొటోగ్రాఫర్, కోడ్ నేమ్ కలువ. అవతలివాళ్ళ ముఠాలో వాళ్ళ మనిషిలా నటిస్తూ మనకి ఉప్పందిస్తోంది. పిన్ను గుచ్చింది బావేనని, చిప్పు ఆయన దగ్గరే ఉందని చెప్పింది ఆమే.

"డబుల్ ఏజెంటన్నమాట," అన్నాడు జలగ. "వాళ్ళ మనిషిలా నటిస్తోంది సరే. మన మనిషిలా నటించడం లేదని గ్యారంటీ ఏంటి?"

"నీకు అందరి మీదా అనుమానమే."

"పావురం చివరిసారి మాట్లాడింది ఎవరితో సర్?"

పెద్దసారు ఫ్యాను వంక చూశాడు. "ఆమెతోనే. పావురం అన్నీ ఆమెకే చెప్పేవాడు. అతని తర్వాత ఈ కేసులో మనకి మిగిలింది ఆమె ఒక్కతే."

బయటికి వస్తుంటే, ఏజెంట్లకి పరికరాలు చేసిచ్చే పనిముట్లాయన ఆపి చేతికర్ర ఒకటి ఇచ్చాడు. కొండలెక్కేవాళ్ళు పట్టుకునే లాంటిదే. "పై బొత్తాం నొక్కితే మత్తు సూది. కింది బొత్తాం నొక్కితే గొడుగు. తికమక పడకండి."

"గొడుగెందుకు?"

"జలపాతాల దగ్గరికి కదా వెళుతున్నారు, తడుస్తారని," అన్నాడాయన నొచ్చుకుంటూ.

*

అక్కావాళ్ళ ఫ్లాటు పై అంతస్తులో. కింద లిఫ్టు తలుపుకి "పనిచేయదు" అన్న కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంచులు కూడా పసుపుబారిపోయాయి. జలగ మెట్లెక్కి, గుమ్మం దగ్గర కాసేపు ఊపిరి తీసుకుని బెల్ కొట్టాడు.

అక్క స్కూల్లో హెడ్మిస్ట్రెస్. తలుపు తీస్తూనే ఆరంభించింది. "లిఫ్టు కంపెనీలో మేనేజర్ అంటావు. మా లిఫ్టు బాగుచేయించలేవు. మీ బావ మోకాలి ఆపరేషన్ అయ్యాక ఈ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగాలో నీకేం తెలుసు?"

"రాసుకున్నాం అక్కా. మావాళ్ళు వస్తారు."

"ఆ ముక్క నీ నోటి నుంచి కూడా వినాలా?" అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బావ హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు. జలగని చూడగానే, అంకెలు నొక్కుతున్న ఫోన్ తీసి సోఫా చేతికి తగిలించిన చొక్కా జేబులో పెట్టేశాడు. ఆ పెట్టడంలో తొందర ఉంది. బల్ల మీద ఇంకో ఫోన్ ఉంది, అది బావది. మరి జేబులోది ఎవరిది?

"ఏమోయ్ బావమరిదీ, దారి తప్పి వచ్చావా?"

"ఈ ఆదివారం మీ క్లబ్బుతో నేనూ వద్దామని బావా. డాక్టరు నడవమన్నాడు."

బావ ముఖంలో రంగు మారింది. ఒక్క రెప్పపాటు, అంతే. "వస్తే రా. నేను మాత్రం ఎక్కను. మీ అక్కకి మాటిచ్చాను. టీ కొట్టు దగ్గరే కూర్చుని మ్యాపు చూసి దారి చెప్తానంతే. కదోయ్?" అని వంటింటి వైపు గొంతు పెంచాడు. ఎవరూ అడక్కుండానే సంజాయిషీ చెప్పేవాళ్ళని జలగ చాలామందిని చూశాడు. వాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు జైల్లో ఉన్నారు.

"అసలు ఎలా వెతుకుతారు బావా?"

ఆ ప్రశ్న చాలు. బావ ట్యాబ్లెట్ తెచ్చుకుని బల్ల మీద పెట్టి, కళ్ళజోడు పైకి తోసి మొదలెట్టాడు. ఈ సన్నటి గీతలన్నీ ఎత్తుని చూపిస్తాయి. దూరదూరంగా ఉంటే చదును, దగ్గర దగ్గరగా వస్తే ఏటవాలు. ఒక వాగు వెంట పోతూ ఉండు. గీతలన్నీ ఒకచోట వాగు మీద ముద్దగా పడ్డాయనుకో, అక్కడ నీళ్ళకి కిందికి దూకడం తప్ప దారి లేదు. అప్పుడు శాటిలైట్ ఫొటో తీసి వానలు పడిన నెల, ఎండలు కాసిన నెల రెండూ చూడాలి. వానల్లో తెల్లగా మెరిసి ఎండల్లో మాయమైతే అది నీళ్ళే.

చెబుతూ చెబుతూ శాటిలైట్ ఫొటో తెరిచి, ట్యాబ్లెట్‌ని పట్టుకుని టక్కున తలకిందులుగా తిప్పేశాడు. ఊళ్ళ పేర్లన్నీ బోర్లా పడ్డాయి.

"అదేంటి?"

"కళ్ళజోళ్ళవాడిని కాబట్టి చెబుతున్నా విను. మన కంటికి వెలుగు పైనుంచి పడటం అలవాటు. ఈ ఫొటోలో ఎండ దక్షిణం నుంచి, అంటే కింది నుంచి పడుతుంది. దాంతో కన్ను మోసపోతుంది. లోయ గట్టులా కనిపిస్తుంది, గట్టు లోయలా కనిపిస్తుంది. ఇదిగో తిన్నగా పెట్టాను, ఏం కనిపిస్తోంది?"

"లోయ."

"ఇప్పుడు తిప్పాను."

జలగ కళ్ళు నులుముకున్నాడు. అదే ఫొటోలో లోయ ఉబ్బి గట్టయిపోయింది. మళ్ళీ తిన్నగా పెడితే మళ్ళీ కుంగిపోయింది.

"కొత్తలో నేనూ పప్పులో కాలేశాను," బావ నవ్వాడు. "లోయ అనుకుని పోతే గట్టెక్కించింది. అప్పట్నుంచీ తిప్పకుండా చూసిన రోజు లేదు. క్లబ్బులో కొత్తవాళ్ళకి కూడా ముందు ఇదే చెప్తా. సగంమంది చెవిన వేసుకోరు."

అక్క పిలిస్తే బావ లేచి వెళ్ళాడు. చొక్కా సోఫా చేతి మీదే ఉంది. రెండో ఫోన్ జేబులోంచి తొంగి చూస్తోంది. బావ వేలు ఏ అంకెల మీద ఆడిందో జలగ ఇందాకే చూసి పెట్టుకున్నాడు. తెరిచాడు. క్లబ్బు మ్యాపు కాదు, ఎవరికీ కనబడకుండా దాచుకున్న సొంత మ్యాపు. అందులో ఒకే ఒక పిన్ను. పేరు లేదు. అది ఆ కొండగట్టుని ఆనుకునే ఉంది.

ఫోన్ తిరిగి జేబులో పెట్టి కూర్చున్నాడు. వంటింట్లో అక్క నవ్వు వినిపించింది. బావ ఏదో వేళాకోళం ఆడి ఉంటాడు. ఆ నవ్వుని తానే ఆపేయాల్సి వస్తుందేమోనని తోచగానే జలగకి భయం వేసింది. ఎన్నో దేశాల్లో ఎన్నో తుపాకుల ముందు నిలబడ్డాడు గానీ ఇలాంటి భయం ఎన్నడూ వేయలేదు. ఆ పూట భోజనం సయించలేదు. బావ మాత్రం మారు వడ్డించుకున్నాడు.

*

కెమెరాలు బాగుచేసే చిన్న షాపు. గాజు బీరువాల మధ్య ఒకామె నిలబడి లెన్సు తుడుచుకుంటోంది. మెడకి ఎర్ర స్కార్ఫు, గదంతా ఖరీదైన సెంటు వాసన. షాపులోకి వచ్చినవాళ్ళు కెమెరాలు మానేసి ఆమెనే చూస్తున్నారు. గూఢచారికి ఇంత అందం ఉండకూడదని జలగ అభిప్రాయం. తనని చూసుకుని ఏర్పరచుకున్న అభిప్రాయం కావచ్చు.

"ఈ జలపాతంలో నీళ్ళున్నాయా?" గోడ మీద ఫొటో చూపించి అడిగాడు.

"వానలు పడితే ఉంటాయి," అందామె తల ఎత్తకుండా.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు.

"మీ బంధువని తెలుసు. సారీ," అంది కలువ. గొంతులో జాలి తగినంత ఉంది. మరీ తగినంత ఉందని జలగకి అనిపించింది. "ఆయన ప్రతి ట్రిప్పులోనూ మధ్యలో మాయమవుతాడు. ఎవరితోనూ చెప్పడు, ఎప్పుడూ ఆ పిన్ను ఉన్న కొండ వైపే పోతాడు. పావురం ఆయన వెంటబడ్డాడు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు."

"డ్రోన్ ఎక్కడికి వస్తుంది?"

ఆమె ట్యాబ్లెట్ తీసి శాటిలైట్ ఫొటో చూపించింది. పిన్ను ఎర్రగా వెలుగుతోంది. "ఈ లోయలోకి. చూడండి, ఎంత లోతుగా ఉందో. రాడార్‌కి అందదు, మనిషి కంటికి అందదు. డ్రోన్ సరిహద్దు నుంచి వాగుల వెంట కిందకిందనే ఎగురుతూ వచ్చి ఇందులో దిగుతుంది. మీ బావ చిప్పు తగిలిస్తాడు. అది వచ్చిన దారినే పోతుంది. ఆయన ఆ లోయలోకి దిగకముందే మీరు కాల్చాలి. దిగాక ఇక దొరకడు."

"బతికుండగా పట్టుకుంటే?"

"ఆయన దగ్గర విషం గోళీ ఉంటుంది. ఎలాగూ పోయేవాడే." ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "దేశం కోసం కదా."

మా బావ దగ్గర అరుగుదల గోళీ తప్ప ఏ గోళీ ఉండదు అనుకున్నాడు జలగ. కానీ ఆ దాచిన పిన్ను, ఆ రెండో ఫోన్, ఆ తడబాటు? ఆమె మాటల్లో ఏదో ఒకటి పంటి కింద రాయిలా తగిలింది. ఏమిటో తేలలేదు. దారంతా దాన్నే నములుతూ ఇంటికి వచ్చాడు.

*

ఆదివారం పొద్దున్నే క్లబ్బు వ్యాను కొండ కింద టీ కొట్టు దగ్గర ఆగింది. వ్యానులో ఉన్నవాళ్ళంతా పళ్ళ డాక్టర్లు, అకౌంటెంట్లు, ఒక పాటల మాస్టారు. అందరి మీదా జలగకి అనుమానం కలిగింది. ఏ ఒక్కరి మీదా నిలవలేదు.

జనం అందరికీ తెలిసిన పెద్ద జలపాతం వైపు నడిచారు. బావ మాట ప్రకారం టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. మోకాలు రుద్దుకుంటూ అందరికీ చెయ్యి ఊపాడు. చివరి మనిషి మలుపు తిరగ్గానే లేచాడు. అటూ ఇటూ చూసి, రెండో ఫోన్ తీసి, టీ కొట్టు వెనక డొంకదారిలోకి జొరబడ్డాడు.

గుంపులోంచి తప్పుకున్న జలగ, కలువ పొదల చాటు నుంచి ఆ వెనకే బయల్దేరారు. జలగ ఒక చేతిలో కర్ర, నడుముకి పిస్టల్. చెవిలో బఠాణీ గింజంత రిసీవర్, అందులో పెద్దసారు ఊపిరి.

బావ కుంటుతూనే ఎక్కుతున్నాడు. ఒకచోట ఆగి మోకాలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అంత నొప్పిని ఓర్చుకుని దేశద్రోహం చేసేవాడు ఉంటాడా? డబ్బు కోసం మనుషులు ఇంతకన్నా ఎక్కువే ఓర్చుకుంటారు, అని జలగలోని పాత అనుమానం జవాబు చెప్పింది.

ఎండ నడినెత్తికి వస్తోంది. చెట్లు పలచబడ్డాయి. గాలి మొదలైంది. కలువ ట్యాబ్లెట్ చూసుకుంటూ నడుస్తోంది. ఆమె నడక ఎందుకో నెమ్మదించింది.

"ఇంకెంత దూరం?" అడిగాడు జలగ.

"వచ్చేశాం. లోయ ఇక్కడే మొదలవ్వాలి." ఆమె ముందుకి చూసింది. ముందు దారి ఇంకా పైకే పోతోంది. రెండు పక్కలా నేల జారిపోయి ఆకాశం కనిపిస్తోంది. "ఇక్కడే దిగుడు ఉండాలి," అని మళ్ళీ గొణిగింది. నుదుటి మీద మొదటిసారి చెమట పట్టింది.

పంటి కింద రాయి అప్పుడు బయటపడింది.

సర్వేవాళ్ళు గట్టన్నారు. ఈవిడ మొదట్నుంచీ లోయ అంటోంది. ఒకే పిన్ను. ఫొటోని తిన్నగా పెట్టుకుని చూసినవాళ్ళకే అది లోయ. ఆ పిన్ను గుచ్చినవాడికి కావలసింది లోతైన చాటైన చోటు, కానీ గుచ్చింది గట్టు మీద. తిప్పకుండా చూసిన రోజు లేదన్న బావ ఈ తప్పు చేయలేడు. చేయాలని కూర్చున్నా చేయలేడు.

"మేడమ్," అన్నాడు మెల్లగా, "ఈ ఫొటోని ఎప్పుడైనా తిప్పి చూశారా?"

"తిప్పడమేంటి?"

"ఏం లేదు. క్లబ్బులో కొత్తవాళ్ళకి ముందు అదే చెప్తారు. సగంమంది చెవిన వేసుకోరు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అర్థమైపోయింది. స్కార్ఫు కింద నుంచి చిన్న పిస్టల్ వచ్చింది. "తుపాకీ కింద పడేయండి. చెవిలోది కూడా."

పడేశాడు.

"కర్ర?"

"మోకాళ్ళ నొప్పి. మా ఇంట్లో అందరికీ ఉంది."

"మీరు కాల్చి ఉంటే అందరికీ బాగుండేది," అంది కలువ నిజంగానే విచారంగా. "బంధువుని చంపుకున్న మనిషి ఎక్కువ ప్రశ్నలు అడగడు. ఇప్పుడు ఇద్దర్నీ నేనే చూసుకోవాలి. నడవండి."

గట్టు మీదికి వచ్చేసరికి బావ అంచున నిలబడి అవతలి వైపు కిందికి చూస్తున్నాడు. చప్పుడు విని వెనక్కి తిరిగాడు. ముఖం పాలిపోయింది. ఆయన చూసింది పిస్టల్ వైపు కాదు.

"ఏమోయ్ బావమరిదీ, నువ్విక్కడేంటి? మీ అక్కకి చెప్పావా?"

"లేదు బావా."

"చెప్పకు. నీకు దణ్ణం పెడతా. కొండెక్కనని ఒట్టేశాను." అప్పుడు కనబడింది ఆయనకి పిస్టల్. "ఇదేంటి? ఫొటోలు తీసే అమ్మాయివి కదా నువ్వు?"

"నోర్మూసుకుని నిలబడండి," అంది కలువ. కెమెరా లెన్సు మూత తీసింది. దాని లోపల అంటించి ఉంది గోరంత చిప్పు.

దూరంగా వాగు మలుపు దగ్గర తేనెటీగల రొద లాంటిది మొదలైంది. డ్రోన్ ఇంతదాకా నీళ్ళని ఆనుకుని ఎవరికీ కనబడకుండా వచ్చింది. ఇప్పుడు పిన్ను ఎక్కడుందో అక్కడికి రావాలి. పిన్ను గట్టు మీద ఉంది. పాపం, అది చెప్పిన మాట వినే యంత్రం. లోయలోంచి పైకి లేచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో తళతళలాడుతూ, కొండల్లో ఉన్న ప్రతి రాడార్‌కీ ముఖం చూపించుకుంటూ వచ్చింది.

కలువకి అది తెలుసు. ఇక రాడార్ చూసినా చేసేది లేదని కూడా తెలుసు. చిప్పు తగిలితే చాలు, సరిహద్దు ఎంతో దూరం లేదు, విమానాలు వచ్చేలోపు దాటిపోతుంది. పిస్టల్ బావ గుండెకి గురిపెట్టే ఉంచి, రెండో చేత్తో మూతని పైకెత్తింది. డ్రోన్ కింద వేలాడుతున్న అయస్కాంతం దాన్ని టక్కున అందుకుంది. డ్రోన్ లేచింది.

"ఇక మీరు," అని ఆమె బావ వైపు తిరిగింది.

జలగ కర్రని ఆమె మెడకి గురిపెట్టి బొత్తాం నొక్కాడు. పై బొత్తాం అనుకునే నొక్కాడు.

భళ్ళున గొడుగు విచ్చుకుంది.

నల్లటి గొడుగు, పెద్దది, గట్టి బట్ట. పనిముట్లాయన ఏ పనీ అరకొరగా చేయడు. గట్టు మీద గాలి దాని కిందికి దూరి ఒక్క ఊపున కర్ర నుంచి ఊడబెరికింది. గొడుగు గిర్రున పైకి లేచి, దొర్లి, వెళ్ళిపోతున్న డ్రోన్ రెక్కల్లో ఇరుక్కుంది. డ్రోన్ ఒక పక్కకి ఒరిగింది, తిరగబడింది, బావ కాళ్ళ దగ్గర బండ మీద పడి ముక్కలైంది. లెన్సు మూత దొర్లుకుంటూ అంచు వైపు పోయింది. బావ ఏమీ తెలియకపోయినా దాని మీద కాలు వేశాడు. ఆపరేషన్ చేసిన కాలే.

కలువ నోరు వెళ్ళబెట్టి అటే చూసింది. ఆ రెప్పపాటు చాలు. కర్రకి ఇక ఒకే బొత్తాం మిగిలింది కాబట్టి ఈసారి తికమక లేదు. మత్తు సూది ఎర్ర స్కార్ఫులో దిగింది. ఆమె నెమ్మదిగా కూర్చుని, తర్వాత పడుకుంది.

జలగ రిసీవర్ వెతికి చెవిలో పెట్టుకున్నాడు. పెద్దసారు అరుస్తున్నాడు. డ్రోన్ గట్టెక్కగానే రాడార్లన్నీ పట్టేశాయట. దాన్ని నడుపుతున్న సిగ్నల్ ఎక్కడిదో కూడా దొరికింది. కొండ కింద ఒక లారీ నుంచి. దానికి నంబర్ ప్లేట్ లేదు.

"ఆర్డర్ సంగతి?" అడిగాడు పెద్దసారు.

"ఒక్క క్షణం ఆలోచించాను సర్," అన్నాడు జలగ.

బావ వచ్చి భుజం పట్టుకున్నాడు. "లిఫ్టు కంపెనీ అన్నావు?"

"అన్నాను," అని జలగ పిన్ను సంగతంతా చెప్పాడు.

"ఈ అమ్మాయి నా పేరుతో పిన్ను గుచ్చిందా? క్లబ్బులో ల్యాప్‌టాప్ తెరిచే పెట్టి టీ తాగడానికి పోతుంటాను. అప్పుడై ఉంటుంది." బావకి అసలు బాధ తర్వాత తోచింది. "గట్టు మీద గుచ్చిందా, నా పేరుతో? జనం చూస్తే ఏమనుకుంటారోయ్?"

"నేను కూడా నిన్ను అనుమానించాను బావా. నీ రెండో ఫోన్ చూశాను."

బావ అతని చెయ్యి పట్టుకుని అంచు దగ్గరికి తీసుకెళ్ళాడు. కలువకి ఫొటోలో గట్టులా కనిపించిన చోట, నిజంగా లోయ ఉంది. దాని గోడ మీది నుంచి సన్నటి నీటి ధార బండలు తాకకుండా కిందికి జారుతోంది. నీటి తుంపర పొగలా లేస్తోంది. చుట్టూ మనిషి అడుగు పడిన జాడ లేదు.

"దీన్ని క్లబ్బుకి కూడా చెప్పలేదు. చెబితే జనం వస్తారు, ప్లాస్టిక్ వస్తుంది. ఒక్కసారి మోకాలు బాగున్న రోజు మీ అక్కని తీసుకొచ్చి చూపిద్దామని మూడో కంటికి తెలియకుండా దాచాను. దారి సులువుదేమో చూసుకోవడానికి వస్తున్నాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సులువు కాదు."

ఇంత మంచి మనిషిని కాల్చడానికి పిస్టల్ తెచ్చుకున్నానని జలగకి సిగ్గేసింది. హెలికాప్టర్ రాగానే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. కొండ సంగతి అక్కకి జలగ చెప్పడు. లిఫ్టు కంపెనీ సంగతి బావ చెప్పడు.

*

సాయంత్రం ఇద్దరూ మెట్లెక్కారు. ప్రతి మలుపులోనూ ఆగి బావ మోకాలు పట్టుకున్నాడు. అక్క తలుపు తీసి, ముందు ముఖాలు చూడలేదు. బూట్లు చూసింది.

"టీ కొట్టు దగ్గర ఎర్రమట్టి ఎక్కడిదిరా?"

శత్రువుల చేతికి చిక్కి రోజుల తరబడి నోరు విప్పని మనిషి జలగ. ఇప్పుడు నీళ్ళు నమిలాడు. బావ గోడ మీద క్యాలెండర్ చదవడం మొదలెట్టాడు.

"ఆదివారం వచ్చిందంటే ఈయన టీ కొట్టు దగ్గరే కూర్చుంటారట. రాత్రంతా మోకాలికి మందు రాసుకుని మూలుగుతారు. నాకు తెలీదనుకున్నారా? ఎక్కేది నా కోసమేనని కూడా తెలుసు. నిద్రలో దారులు చెప్తారు." అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఇక నువ్వు. మీ కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఎంత తిట్టినా ఆ అబ్బాయి అండీ అండీ అంటూనే ఉంటాడు. లిఫ్టులు బాగుచేసేవాళ్ళు ఎవరూ అంత మర్యాదగా మాట్లాడర్రా. నువ్వు చేసే ఉద్యోగం ఏదో నేను అడగను. నువ్వు క్షేమంగా ఇంటికొస్తే నాకు అదే చాలు. కానీ ఈ మనిషిని ఈ మోకాలితో ఇన్నాళ్ళు మెట్లెక్కించినందుకు మాత్రం నీకు సిగ్గుండాలి."

జలగ తల దించుకున్నాడు. ఆ సిగ్గు అతనికి నిజంగానే ఉంది, అక్కకి తెలిసినదానికన్నా ఎక్కువే ఉంది.

మర్నాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న మనుషులు కొందరు వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకుంటూ సాయంత్రం దాకా తంటాలు పడ్డారు. ఆ విధంగా దేశపు రహస్య విభాగం తన చరిత్రలో మొదటిసారి ఒక లిఫ్టు బాగుచేసింది.